కొత్త కంప్యూటర్‌లో ర్యామ్ స్లాట్ పనిచేయట్లేదా? కొత్త ర్యామ్ కొనేముందు ప్రాసెసర్ కింద చూడండి

మీరు రాసింది ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూసుకోండి. రైజెన్ 5 7600 ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ650 మదర్‌బోర్డు, ఒకే ప్యాకెట్‌లో వచ్చిన రెండు 16 జీబీ డీడీఆర్5-6000 స్టిక్‌లు తెచ్చుకుని ఇంట్లోనే బిగించారు. రెండు స్టిక్‌లూ పెడితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ, బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చోట లైటు వెలిగి అలాగే ఉండిపోతోంది. స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో ఒక్క స్టిక్ పెట్టినప్పుడు మాత్రం చక్కగా ఆన్ అవుతోంది, స్టిక్‌లు అటూ ఇటూ మార్చినా అంతే. నాలుగో స్లాట్‌లో మాత్రం ఏ స్టిక్ పెట్టినా ఆన్ అవట్లేదు. షాపువాళ్లేమో ర్యామ్ పోయింది, వేరేది తీసుకోండి అన్నారు. ర్యామ్ మార్చాలా, బోర్డు మార్చాలా అన్నది మీ ప్రశ్న.

ర్యామ్‌కి డబ్బులు పెట్టకండి. రెండు స్టిక్‌లూ రెండో స్లాట్‌లో విడివిడిగా పనిచేశాయని మీరే రాశారు. స్టిక్ చెడిపోయి ఉంటే ఏ స్లాట్‌లో పెట్టినా చెడిపోయినట్టే కనిపించాలి కదా. మీ దగ్గర సమస్య స్టిక్ వెంట తిరగట్లేదు, ఒక చోటే ఉండిపోయింది. అలాగని వెంటనే బోర్డు పోయిందని కూడా అనుకోకండి. సమస్య స్లాట్ దగ్గర కనిపిస్తోంది గానీ, కారణం చాలాసార్లు స్లాట్‌లో ఉండదు.

ఎందుకో చెప్తాను. ర్యామ్‌తో మాట్లాడేది మదర్‌బోర్డు కాదు, ప్రాసెసరే. ఇళ్లలో వాడే కంప్యూటర్లలో ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో నెహాలెమ్ తరంతో మెమరీ కంట్రోలర్‌ని, అంటే ర్యామ్‌ని నడిపే భాగాన్ని, ప్రాసెసర్ లోపలికే తెచ్చేశాయి. అప్పట్నుంచి బోర్డు వైపు మిగిలింది స్లాట్, అందులోని 288 కాంటాక్టులు, వాటి నుంచి ప్రాసెసర్ సాకెట్ దాకా వెళ్లే సన్నటి రాగి దారులు, అంతే. ఇందులో కదిలే భాగాలు లేవు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త బోర్డులో ఇవి వాటంతటవే చెడిపోవడం అరుదు. మనం ఇంట్లో బిగించేటప్పుడు దెబ్బతినే చోటు ఆ దారికి రెండో కొసన ఉంది, అంటే ప్రాసెసర్ సాకెట్. మీ ఏఎం5 సాకెట్‌లో 1718 పిన్నులుంటాయి. అవి బోర్డు వైపే ఉంటాయి, ప్రాసెసర్ అడుగున చదునైన కాంటాక్టులు మాత్రమే ఉంటాయి. పాత ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉండేవి కాబట్టి వంగితే కంటికి తెలిసేది. ఇప్పుడు ప్రాసెసర్ పెట్టి లివర్ వేసేశాక కింద ఏం జరిగిందో ఎవరికీ కనిపించదు.

ఆ పిన్నుల్లో చాలావాటి పని ర్యామ్‌కి సిగ్నల్ తీసుకెళ్లడమే. ఒక్కటి సరిగ్గా తాకకపోయినా ఒక ఛానెల్, అంటే ప్రాసెసర్ నుంచి రెండేసి స్లాట్లకి వెళ్లే ఉమ్మడి దారి, మొత్తం మాయమవచ్చు. కంప్యూటర్‌లో మిగతావన్నీ బాగానే పనిచేస్తూ ఉంటాయి. అందుకే మీలాంటి వాళ్లు ర్యామ్ మార్చి, మళ్లీ మార్చి, నెలలు గడిచాక అసలు సంగతి తెలుసుకుంటారు.

ఇక మీరు చేయాల్సిన పని. మొదట ఒక సంగతి తేల్చుకోవాలి: ఆ లైటు వెలిగినప్పుడు ఎంతసేపు ఆగారు? ఇది మీరు రాయలేదు. డీడీఆర్5 ఉన్న ఏఎం5 కంప్యూటర్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు, లేదా ర్యామ్ స్లాట్ మార్చినప్పుడు, మెమరీ ట్రైనింగ్ అని ఒక పని చేస్తుంది. ప్రతి సిగ్నల్ దారినీ పరీక్షించి, ఏ క్షణంలో చదివితే డేటా తప్పులేకుండా వస్తుందో ప్రాసెసర్ లెక్క కట్టుకుంటుంది. ఇది అయ్యేదాకా స్క్రీన్ నల్లగానే ఉంటుంది, డీర్యామ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. స్టిక్ పెద్దదైతే, బయోస్ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే బోర్డులోని ప్రోగ్రామ్) పాతదైతే పది, పదిహేను నిమిషాలు కూడా పట్టవచ్చు. మధ్యలో దానంతటదే ఆగి మళ్లీ స్టార్ట్ అవుతుంది కూడా. రెండు నిమిషాలు చూసి టెన్షన్‌తో బటన్ నొక్కేస్తే, మళ్లీ ఆన్ చేసినప్పుడు మొదట్నుంచి మొదలవుతుంది. కాబట్టి రెండు స్టిక్‌లూ పెట్టి ఆన్ చేసి ఇరవై నిమిషాలు దాన్ని ముట్టుకోకుండా వదిలేయండి. మీ ఏరియాలో కరెంటు పోయి వస్తుంటే యూపీఎస్ మీద పెట్టండి. ఆ తర్వాత కూడా రాకపోతేనే కింద చెప్పేవన్నీ.

స్లాట్ల పేర్లు ఒకసారి చూసుకోండి. ప్రాసెసర్‌కి దగ్గరగా ఉన్నది ఏ1, పక్కది ఏ2, ఆ తర్వాత బీ1, చివరిది బీ2. ఏ అక్షరమున్న రెండూ ఒక ఛానెల్, బీ అక్షరమున్న రెండూ ఇంకో ఛానెల్. రెండు స్టిక్‌లుంటే ఏ2, బీ2 అనే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మీరు అలాగే పెట్టారు, అది సరైనదే. ఇలా ఎందుకో చాలామంది చెప్పరు. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువభాగం ప్రాసెసర్ నుంచి వచ్చే దారి ముందు ఏ1ని తాకి, అక్కడి నుంచి ఏ2 దాకా వెళ్తుంది. స్టిక్ ఏ1లో పెట్టి ఏ2 ఖాళీగా వదిలేస్తే, చివరి ముక్క తెరిచిన కొసలా మిగిలిపోతుంది. సిగ్నల్ అందులోకి వెళ్లి చివరన తగిలి వెనక్కి వచ్చి, అసలు సిగ్నల్‌లో కలుస్తుంది. 6000 స్పీడ్‌లో ఒక్కో బిట్‌కి దొరికే సమయం 167 పికోసెకన్లు. అంతసేపట్లో బోర్డు మీద సిగ్నల్ సుమారు రెండున్నర సెంటీమీటర్లే వెళ్తుంది. కాబట్టి కాస్త పొడవున్న ఖాళీ కొస కూడా డేటాని పాడు చేయగలదు. స్టిక్‌లు దారి చివర ఉండే ఏ2, బీ2లో పెడితే ఆ బాధ తక్కువ.

మీరు మూడో స్లాట్ సంగతి, అంటే బీ1 గురించి ఏమీ రాయలేదు. నాకు కావాల్సింది అదే. ఒక్క స్టిక్ ఉంటే ఏ2లోనే పెట్టమని చాలా బోర్డుల మాన్యువల్‌లో ఉంటుంది, కాబట్టి బీ2లో ఒంటరిగా పెట్టి ఆన్ అవలేదన్న ఒక్క ఆధారంతో తేల్చలేం. ఇలా చేయండి: ఏ2లో ఒక స్టిక్ కదలకుండా ఉంచండి. రెండోది బీ1లో పెట్టి చూడండి, ట్రైనింగ్‌కి టైమివ్వండి. ఆ తర్వాత బీ1లోది తీసి ఏ1లో పెట్టి చూడండి. ప్రతిసారీ పవర్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఆన్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోనిచ్చాకే స్టిక్ ముట్టుకోండి. బీ1లో వచ్చి బీ2లో రాకపోతే అది ఒక్క స్లాట్ సమస్య. బీ1, బీ2 రెండూ రాకుండా ఏ1, ఏ2 రెండూ వస్తే, అది ఛానెల్ సమస్య. అప్పుడు స్లాట్లని వదిలేసి సాకెట్ వైపు రావాలి. పక్కపక్కన ఉన్న రెండు స్లాట్లు ఒకేసారి వాటంతటవే చెడిపోవడం కన్నా, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారి తెగి ఉండటానికే అవకాశం ఎక్కువ.

ఈ పరీక్షల ముందు బయోస్ సెట్టింగులు చెరిపేయండి. బోర్డు మీద క్లియర్ సీమాస్ అని రెండు పిన్నులుంటాయి, మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. ప్లగ్ పీకి, ఆ రెండు పిన్నులకీ స్క్రూడ్రైవర్ మొన ఒక పది సెకన్లు ఆనిస్తే చాలు. అది దొరక్కపోతే సీఆర్2032 బటన్ సెల్ తీసి కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. ఒక స్టిక్‌తో ఆన్ అయినప్పుడు మీరు ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని డబ్బా మీద రాసిన స్పీడ్‌తో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే, అదే సెట్టింగ్ రెండు స్టిక్‌లకీ అడ్డం పడుతూ ఉండొచ్చు. చెరిపేశాక ర్యామ్ సాధారణంగా 4800 స్పీడ్‌తో మొదలవుతుంది. ఆ స్పీడ్‌లో కూడా రాకపోతే సమస్య సెట్టింగులది కాదు.

స్టిక్ గాడిలో సరిగ్గా కూర్చుందా అన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, కొత్తగా బిగించిన కంప్యూటర్లలో డీర్యామ్ లైటు వెలగడానికి తరచూ కనిపించే కారణం ఇది. ఈ మధ్య చాలా బోర్డుల్లో స్లాట్‌కి ఒక వైపే క్లిప్ ఉంటుంది. రెండో వైపు, గ్రాఫిక్స్ కార్డు ఉండే కొస, కదలని ప్లాస్టిక్. పైన క్లిప్ క్లిక్‌మంటుంది, మనం అయిపోయింది అనుకుంటాం, కింద కొస మాత్రం ఒక మిల్లీమీటరు పైకి తేలి ఉంటుంది. ముందు స్టిక్ అంచులో ఉన్న గంటు, స్లాట్‌లో పైకి లేచి ఉన్న చిన్న అడ్డుకి ఎదురుగా ఉందో లేదో చూడండి. క్లిప్ లేని కొసని ముందు దింపి బొటనవేలితో గట్టిగా నొక్కండి, తర్వాత క్లిప్ ఉన్న కొస. తర్వాత కూర్చుని, స్లాట్‌కి సమానంగా కళ్లు పెట్టి పక్క నుంచి చూడండి. బంగారు రంగు గీత రెండు కొసల్లో ఒకే ఎత్తులో కనపడాలి, అసలు కనపడకపోతే ఇంకా మంచిది. ఒక కొసన మందంగా, ఇంకో కొసన సన్నగా కనపడిందంటే అది వంకరగా కూర్చుంది. బోర్డు కేబినెట్‌లో ఉండగా నొక్కుతుంటే కుడి వైపు అంచు కిందికి వంగుతుందని చాలామంది భయపడి తక్కువ నొక్కుతారు. ఆ భయం తప్పు కాదు, వెడల్పు తక్కువ బోర్డులకి ఆ అంచున స్క్రూలు ఉండవు. ఇంకో చేత్తో బోర్డు అంచుని కింద నుంచి ఆనించి నొక్కండి, లేదా బోర్డు బయటకి తీసి నొక్కండి.

ర్యామ్ మీద రంగుల లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి స్లాట్ బాగుందని అనుకోవద్దు. ఆ లైట్లకి కరెంటు చాలు. డేటా దారులకీ దానికీ సంబంధం లేదు.

ఇక్కడ రబ్బరు సంగతి చెప్పాలి. మన ఊళ్ల రిపేరు షాపుల్లో ఏ కంప్యూటర్ ఆన్ కాకపోయినా స్టిక్ తీసి పెన్సిల్ రబ్బరుతో కాంటాక్టులు రుద్దడం అలవాటు. ఏళ్ల తరబడి దుమ్ములో ఉన్న పాత కంప్యూటర్‌కి అది పనిచేసినట్టు కనిపిస్తుంది, ఎక్కువసార్లు స్టిక్ తీసి పెట్టడం వల్లే బాగవుతుంది. కొత్త స్టిక్‌కి మాత్రం దయచేసి చేయొద్దు. బంగారు పూత చాలా పల్చన, రబ్బరు దాన్ని అరగదీస్తుంది, పైగా రబ్బరు పొడి స్లాట్ లోపల పడుతుంది. మురికి ఉందనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి, మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. నూలు రాలని గుడ్డకి కొంచెం తడి చేసి తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. స్లాట్ లోపల టార్చి వేసి కూడా చూడండి. ప్యాకింగ్ థర్మాకోల్ ముక్కో, దారం పోగో ఇరుక్కుని ఉంటే గాలి బ్లోయర్‌తో పోతుంది. సూదులూ గుండుసూదులూ పెట్టకండి.

ఇవన్నీ అయ్యాక కూడా బీ ఛానెల్ రాలేదనుకోండి. అప్పుడు కూలర్ వైపు వెళ్దాం. సాకెట్‌లోని పిన్నులు స్ప్రింగుల్లాంటివి, ప్రాసెసర్ వాటి మీద అన్ని వైపులా సమానంగా నొక్కి ఉంటేనే అన్నీ తాకుతాయి. కూలర్ స్క్రూల్లో ఒకటి పూర్తిగా బిగించేసి తర్వాతది బిగిస్తే, ఒత్తిడి ఒక మూలకి ఎక్కువై, ఎదురు మూలన కాంటాక్టు పోవచ్చు. ఖర్చు లేని పని కాబట్టి ముందు ఇదే చేయండి: స్క్రూలన్నీ కొద్దికొద్దిగా వదులు చేసి, కారు టైరు నట్లు బిగించినట్టు ఎదురెదురుగా, ఒక్కోదానికి ఒకటి రెండు చుట్ల చొప్పున మళ్లీ బిగించండి. స్క్రూ దానంతటదే ఆగిన చోట ఆపేయండి, ఆ పైన బలం పెట్టొద్దు. ఇంతమాత్రానికే పోయిన ఛానెల్ తిరిగొచ్చిన కంప్యూటర్లు ఉన్నాయి. ఇప్పుడు రెండు స్టిక్‌లతో ఆన్ చేసి చూడండి.

రాకపోతే కూలర్ తీసి ప్రాసెసర్ బయటకి తీయాలి. కొత్త థర్మల్ పేస్ట్ దగ్గర పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. ఫ్యాన్ గాలి లేని చోట, కేబినెట్ ఇనుము తాకి ఒంట్లో స్టాటిక్ పోనిచ్చి, పాత పేస్ట్ తుడిచి, లివర్ ఎత్తి, ప్రాసెసర్‌ని అంచులు పట్టుకుని నిట్టనిలువుగా ఎత్తండి. పక్కకి జరపకండి, పిన్నులు వంగేది ఎక్కువగా ఆ క్షణంలోనే. ఆ తర్వాత గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చి సాకెట్‌కి పక్క నుంచి, దాదాపు బోర్డుకి ఆనేంత కిందగా పట్టుకోండి. వెలుతురు అలా ఏటవాలుగా పడితే పిన్నుల కొనలన్నీ వరసలు వరసలుగా ఒకే వైపు మెరుస్తాయి. బాగున్న సాకెట్ మీద ఆ మెరుపు నేత బట్టలా సమంగా ఉంటుంది. వంగిన పిన్ను ఉన్న చోట ఆ వరసలో ఒక చిన్న చీకటి చుక్క కనిపిస్తుంది, లేదా ఒక్క కొన మాత్రం వేరే వైపు తిరిగి మెరుస్తుంది. టార్చిని నాలుగు వైపుల నుంచీ అలా తిప్పి చూడండి, ఒక వైపు నుంచి కనపడనిది ఇంకో వైపు నుంచి దొరుకుతుంది. ఫోన్ కెమెరాతో మ్యాక్రో ఫొటోలు తీసి పెద్దది చేసి చూడండి. ప్రాసెసర్ అడుగు భాగం కూడా అలాగే చూడండి. కాంటాక్టుల మీద పేస్ట్ మరక ఉందా, ఏదైనా చోట గీత పడిందా అని. ఏఎం5 ప్రాసెసర్ పై మూతకి అంచుల్లో గంటులుంటాయి కాబట్టి పేస్ట్ ఎక్కువ వేస్తే వాటిల్లోంచి పక్కలకి జారుతుంది. అడుగున మరక ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సాకెట్ పిన్నుల్ని మాత్రం గుడ్డతో, ఇయర్‌బడ్‌తో తుడవకండి. దూది పోగు పిన్నుకి పట్టుకుందంటే ఒక్క లాగుడులో ఇంకో నాలుగు వంగుతాయి.

వంగిన పిన్ను దొరికితే ఏం చేయాలి? మీరే సూదితో సరిచేయడం నేను సలహా ఇవ్వను. ఆ పిన్నులు లోహపు వెంట్రుకల్లాంటివి, ఒకసారి వంచి సరిచేస్తే నిలబడతాయి, రెండుమూడుసార్లు వంచితే విరిగిపోతాయి. పక్క పిన్నుకి తగిలి షార్ట్ అయితే ప్రాసెసర్‌కీ ప్రమాదం. ముందు ఫొటోలతో కొన్న షాపుకి వెళ్లండి, కొని కొద్ది రోజులే అయింది కాబట్టి అడగడంలో తప్పు లేదు. వాళ్లు కాదంటే, సూక్ష్మదర్శిని పెట్టుకుని ఫోన్ బోర్డులు రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. రోజూ వాళ్లు ఇంతకన్నా చిన్న భాగాలతో పనిచేస్తారు, సాకెట్ పిన్ను సరిచేయడం వాళ్ల చేతికి తేలిక. వంగిన పిన్నులకి మదర్‌బోర్డు కంపెనీల వారంటీ సాధారణంగా వర్తించదు. సర్వీస్ సెంటర్‌లో మొదట చూసేదే సాకెట్. కాబట్టి దాచి పంపి లాభం లేదు. సాకెట్ మీద వచ్చిన నల్లటి ప్లాస్టిక్ మూత పారేయకుండా ఉంటే దాన్ని పెట్టే పంపండి. అది లేకుండా పంపిన బోర్డుకి దారిలో పిన్ను వంగితే ఆ తప్పు కూడా మీదే అవుతుంది.

పిన్నులన్నీ బాగున్నాయా? అప్పుడు బయోస్ అప్‌డేట్ చేయండి. ఏఎం5 2022 సెప్టెంబరులో వచ్చింది, మొదటి నెలల్లో వచ్చిన బయోస్‌లకీ ఇప్పటివాటికీ ర్యామ్ విషయంలో చాలా తేడా ఉంది. షాపు అల్మరాలో ఏడాదికి పైగా ఉన్న బోర్డు పాత బయోస్‌తోనే మీ చేతికి వస్తుంది. ఏ2లో ఒక్క స్టిక్ పెట్టి ఆన్ అయ్యే స్థితిలోనే అప్‌డేట్ చేసుకోండి, ఎక్స్‌పో ఆపి, యూపీఎస్ మీద. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ఇంకా తేలిక, ర్యామ్ లేకుండా కూడా పెన్‌డ్రైవ్‌తో అవుతుంది. ఫైలు మీ బోర్డు పూర్తి పేరుకే అయి ఉండాలి. ఒకే పేరుకి చివర వైఫై అని ఉన్నదీ లేనిదీ వేర్వేరు బోర్డులు కావొచ్చు.

బోర్డు బయటకి తీసినప్పుడు కేబినెట్‌లో ఉన్న ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డుని ఎత్తి పట్టే చిన్న గుంజలు) కూడా చూడండి. బోర్డుకి రంధ్రం లేని చోట ఒక స్టాండాఫ్ మిగిలిపోయి ఉంటే, అది వెనక నుంచి టంకం చుక్కలకి తగిలి షార్ట్ చేస్తుంది. ఒకసారి బోర్డుని దాని అట్టపెట్టె మీద పెట్టి, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, పవర్ మాత్రమే కలిపి ఆన్ చేసి చూస్తే ఈ అనుమానం తీరిపోతుంది. 7600లో గ్రాఫిక్స్ ఉంది కాబట్టి కార్డు అవసరం లేదు, మానిటర్ కేబుల్‌ని బోర్డుకే పెట్టండి.

ఇంతదాకా వచ్చి కూడా బీ ఛానెల్ రాకపోతే మిగిలినవి రెండే: ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్, లేదా బోర్డు. వీటిని ఇంట్లో కూర్చుని విడదీయలేం. ఇంకో ఏఎం5 ప్రాసెసర్ ఈ బోర్డులో, మీ ప్రాసెసర్ ఇంకో బోర్డులో పెట్టి చూడాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట సర్వీస్ చేసేవాళ్ల దగ్గర ఇవి బెంచ్ మీద ఉంటాయి, కొద్ది డబ్బుకి చూస్తారు. మీరు అక్కడే నిలబడి చూడండి. ప్రాసెసర్ తీసేటప్పుడు, పెట్టేటప్పుడు సాకెట్ ఫొటో తీసుకోండి. ఎవరి చేతిలో ఏం జరిగిందో తర్వాత వాదన రాకుండా ఉంటుంది. నా అంచనా అడిగితే, కొత్త ప్రాసెసర్ కన్నా బోర్డు వైపే ఎక్కువ అనుమానించాలి. ప్రాసెసర్లు ఫ్యాక్టరీలో రెండు ఛానెళ్లూ పరీక్షించాకే బయటకి వస్తాయి, పైగా వాటికి వంగే పిన్నులు లేవు.

అన్నీ సరిపోయి రెండు స్టిక్‌లూ వచ్చాయనుకోండి, అప్పుడొచ్చే ఇంకో ఇబ్బందిని స్లాట్ సమస్య అని పొరబడొద్దు. 4800లో బాగుండి, ఎక్స్‌పో ఆన్ చేసి 6000 పెట్టగానే మళ్లీ డీర్యామ్ లైటు వస్తే స్లాట్లు, పిన్నులు బాగున్నట్టే లెక్క. రైజెన్ 7000 వరుసకి రెండు స్టిక్‌లతో ఏఎండీ హామీ ఇచ్చే స్పీడ్ 5200. ఆ పైనదంతా ఓవర్‌క్లాకింగే, ర్యామ్ డబ్బా మీద 6000 అని ఉన్నా సరే. మంచి సంఖ్యలో కంప్యూటర్లు 6000 మోస్తాయి, మీది మోయకపోతే 5600 పెట్టండి, గేముల్లో ఆ తేడా మీకు తెలియదు. ఎక్స్‌పో ఆన్ చేసేముందు కొత్త బయోస్ ఉండటం ఇంకో కారణానికి కూడా ముఖ్యం: ప్రాసెసర్‌లో ఎస్‌ఓసీ అనే భాగానికి ఎక్కువ వోల్టేజీ వెళ్లి కొన్ని చిప్‌లు కాలిపోయాక, 2023లో ఏఎండీ దానికి 1.3 వోల్టుల హద్దు పెట్టింది. అంతకుముందు బయోస్‌లలో ఆ హద్దు లేదు.

తర్వాత ఎప్పుడో ఇంకో రెండు స్టిక్‌లు కొని 64 జీబీ చేద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. నాలుగు స్టిక్‌లతో ఇదే ప్రాసెసర్‌కి హామీ 3600కి పడిపోతుంది. పేరు, మోడల్ అన్నీ ఒకటే అయినా వేర్వేరు సమయాల్లో కొన్న ప్యాకెట్ల లోపల చిప్‌లు వేరే కంపెనీవి ఉండొచ్చు. ఎక్కువ కావాలంటే ఉన్నవి అమ్మేసి 32 జీబీవి రెండు తీసుకోండి.

విండోస్ వేసేముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా నడవనివ్వండి. ఉచితం. ఒక్క ఎర్ర లైను వచ్చినా అది తప్పే, రెండు మూడైతే పర్వాలేదు అనే మాట ఇందులో లేదు. ర్యామ్‌లో తప్పులుండగా వేసిన విండోస్ ఫైళ్లు కూడా పాడై ఉంటాయి. తర్వాత ర్యామ్ బాగుచేసినా నీలి స్క్రీన్లు వస్తూనే ఉంటాయి, మనం లేని జబ్బుకి మందు వెతుకుతాం. తప్పు వస్తే ఎక్స్‌పో ఆపి మళ్లీ నడపండి, 4800లో కూడా వస్తే ఒక్కో స్టిక్ ఏ2లో విడిగా నడపండి. స్టిక్‌దే తప్పని తేలితే రెండూ కలిపే వారంటీకి పంపాలి. జతగా అమ్మినవాటిలో ఒకటి మార్చి ఇస్తే జత కుదరకపోవచ్చు.

విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ తెరవండి. వాడిన స్లాట్లు నాలుగింటిలో రెండు అని ఉండాలి. 32 జీబీకి బదులు 31 చిల్లర కనపడితే కంగారు పడకండి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కొంత తీసుకుంటుంది. రెండు స్లాట్లు చూపిస్తూ హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ కింద 16 జీబీ కనపడితే మాత్రం ఒక ఛానెల్ మళ్లీ సరిగ్గా తాకట్లేదని అర్థం, తిరిగి కూలర్ స్క్రూల దగ్గరికి రావాలి. కంప్యూటర్ భాగాల వివరాలు చూపించే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో స్పీడ్ 3000 అని కనిపిస్తే సగం పోయిందనుకోకండి. డీడీఆర్‌లో ఒక్క గడియార చుట్టుకి డేటా రెండుసార్లు కదులుతుంది కాబట్టి 3000 అంటే మీ 6000 స్పీడే.

ఇప్పుడు మీరు చేయాల్సింది: రెండు స్టిక్‌లతో ఇరవై నిమిషాలు ఆగితే ఏమైందో, ఏ2తో కలిపి బీ1లో వచ్చిందో లేదో, బయోస్ వెర్షన్ ఎంతో, బోర్డు పూర్తి పేరేంటో రాయండి. ప్రాసెసర్ తీస్తే సాకెట్ ఫొటోలు నాలుగు వైపుల నుంచీ, ఏటవాలు వెలుతురులో తీసి పెట్టండి. ఫ్లాష్ వేసి పై నుంచి తీసిన ఫొటోలో అన్ని పిన్నులూ బాగున్నట్టే కనిపిస్తాయి, అది పెట్టొద్దు.